బ్యాకప్ ఉంది సరే, ఉత్తరాలు వెనక్కి వస్తాయా?

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మూడు వార్తలు వెంటవెంటనే వచ్చాయి. సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రానికి నిప్పంటుకుంది. లిథియం బ్యాటరీల దగ్గర మొదలైన మంట వందల కొద్దీ ప్రభుత్వ సేవలను ఆపేసింది. ఉద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే 'జీ-డ్రైవ్' మొత్తం కాలిపోయింది. అందులో ఉన్నది 858 టెరాబైట్లు. వాడుకుంటున్నది లక్షా పాతిక వేల మందికి పైగా. బయట ఎక్కడా రెండో ప్రతి లేదు. అంత పెద్ద దాన్ని బ్యాకప్ చేయడం కుదరలేదని అధికారులు చెప్పారు.

అక్టోబరులో మన దేశంలో ఇంకో వార్త. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు సుమారు 12 లక్షల మంది ఈమెయిళ్లు చెన్నై కేంద్రంగా పనిచేసే జోహో సంస్థ వేదిక మీదికి మారాయి. చిరునామాల్లో మార్పు లేదు, వెనకున్న యంత్రాంగం మారింది. అదే నెల 14న మైక్రోసాఫ్ట్ తన ఎక్స్చేంజ్ 2016, 2019 మెయిల్ సర్వర్లకు మద్దతు ఆపేసింది. డబ్బు కట్టినవాళ్లకు మరో ఆరు నెలలు గడువిచ్చింది. ఆ సర్వర్లను ఇప్పటికీ నడుపుతున్న ఆఫీసులు, కాలేజీలు, మిల్లులు మనం ఉంటున్న ఊళ్లలోనే చాలా ఉన్నాయి. బెంగళూరు, చెన్నై, పుణెల్లో రాత్రి డ్యూటీల్లో వాటికి కాపలా కాసేవాళ్లలో మన ఇళ్ల పిల్లలూ ఉన్నారు.

మూడు వార్తల్లోనూ తలెత్తే ప్రశ్న ఒకటే. రేపు ఆ ఉత్తరాలు పోతే వెనక్కి తెచ్చేదెవరు? ఎంతసేపట్లో? ఎంతవరకు? 'బ్యాకప్ ఉంది' అన్న జవాబు దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆ జవాబుకీ, పోయిన ఉత్తరం మళ్లీ తెర మీద కనపడటానికీ మధ్య ఎంత దూరం ఉందో చెప్పే ఉదంతం ఒకటి అమెరికాలో జరిగింది. ముందు దాన్ని చూద్దాం.

టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో నగరంలో రాక్‌స్పేస్ అనే కంపెనీ ఉంది. చిన్న వ్యాపారులు, లాయర్లు, సేవా సంస్థలు సొంతంగా మెయిల్ సర్వర్ పెట్టుకోలేక ఈ కంపెనీకి నెలనెలా డబ్బు కట్టేవారు. ఎక్స్చేంజ్ సర్వర్లను కంపెనీయే నడిపేది. అలాంటి ఖాతాదారులు దాదాపు 30 వేల మంది. 2022 డిసెంబరు 2న వాళ్లందరి మెయిలూ ఒక్కసారిగా ఆగిపోయింది. నాలుగు రోజుల తర్వాత కంపెనీ ఒప్పుకుంది, ఇది రాన్సమ్‌వేర్ దాడి అని. ఫైళ్లకు తాళం వేసి, తాళంచెవికి డబ్బు అడిగే ముఠా పని. 'ప్లే' అనే ముఠా చేసిందని తర్వాత తేలింది.

ఆ ముఠా లోపలికి వచ్చిన కన్నానికి మైక్రోసాఫ్ట్ నవంబరు 8నే ప్యాచ్ ఇచ్చింది. ఆ ప్యాచ్ వేస్తే లాగిన్ ఇబ్బందులు వస్తాయన్న భయంతో రాక్‌స్పేస్ దాన్ని పక్కనపెట్టి, తాత్కాలిక కట్టడితో నెట్టుకొచ్చిందని వార్తలు వచ్చాయి. కంపెనీ వాదన వేరు. ఈ కన్నం గుండా ఇంత పెద్ద దాడి జరగవచ్చని మైక్రోసాఫ్ట్ చెప్పలేదని వాళ్లన్నారు. తప్పెవరిదన్నది కోర్టుల సంగతి, అక్కడ కేసులూ పడ్డాయి. తర్వాత పాత ఉత్తరాలు ఏమయ్యాయన్నదే మన విషయం.

కొత్త మెయిలు రావడం, పోవడం త్వరగానే మొదలైంది. ఖాతాదారులను మైక్రోసాఫ్ట్ 365కి తరలించారు. వేల మందికి కొద్ది రోజుల్లోనే చిరునామా మళ్లీ పనిచేసింది. ఇన్‌బాక్స్ మాత్రం ఖాళీ. కొత్తగా అద్దెకు దిగిన ఇంట్లోలా గోడలున్నాయి, సామాను లేదు. ఎక్స్చేంజ్ నడిపేవాళ్లు దీన్ని 'డయల్ టోన్' పద్ధతి అంటారు. ఫోను ఎత్తితే కుయ్‌మని మోత వినపడినట్టు, ముందు ఖాళీ పెట్టె ఇచ్చి పని నడిపిస్తారు. పాతవి తర్వాత తెచ్చి కలుపుతారు. పద్ధతిలో తప్పు లేదు. ఆ 'తర్వాత' ఎన్నాళ్లన్నదే చిక్కు.

దాడి జరిగి నెల దాటాక, 2023 జనవరి 5న, కంపెనీ చివరి ప్రకటన ఇచ్చింది. అప్పటికి సగానికి పైగా ఖాతాదారులకు మాత్రమే పాత ఉత్తరాలు, అవీ కొందరికి పూర్తిగా, కొందరికి కొంత మేరకు, డౌన్‌లోడ్‌కు సిద్ధమయ్యాయి. పిఎస్‌టి అనే ఫైలు రూపంలో ఇచ్చారు. సిద్ధమైనవాళ్లలో దాన్ని తీసుకున్నది 5 శాతం కన్నా తక్కువ. దీన్నిబట్టి చాలామంది దగ్గర సొంత ప్రతులున్నాయనో, పాత ఉత్తరాలతో వాళ్లకు పని లేదనో అనుకుంటున్నామని కంపెనీ చెప్పింది.

మాకు ఆ వివరణ అంతగా మింగుడుపడదు. నెల రోజులు ఫోన్లు చేసి చేసి విసిగిపోయిన చిన్న వ్యాపారి చేతికి ఒక పిఎస్‌టి ఫైలు ఇచ్చి 'తీసుకో' అంటే, దాన్ని ఏ ప్రోగ్రాంలో తెరవాలో, కొత్త పెట్టెలోకి ఎలా ఎక్కించాలో అతనికి చెప్పేదెవరు? ఇచ్చినదీ అందినదీ ఒకటే అనుకోవడం కంపెనీకి సౌకర్యం. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ మెయిల్ విభాగం రాబడి ఏడాదికి 3 కోట్ల డాలర్లు, కంపెనీ మొత్తం రాబడిలో 1 శాతం దాకా. 30 వేల మందికి అది వాళ్ల వ్యాపారమంతా. కంపెనీ లెక్కలో నూటికి ఒక్క వంతు. చివరికి ఆ పాత సర్వర్లను మళ్లీ కట్టబోమని చెప్పి విభాగాన్ని మూసేశారు.

బ్యాకప్‌లు ఉన్న కంపెనీకే ఇంత ఆలస్యం ఎందుకైంది? దీనికి మెయిల్ డేటాబేస్ ఎలా పనిచేస్తుందో కాస్త తెలియాలి. మన షావుకార్ల లెక్కల పద్ధతి తెలిసినవాళ్లకు ఇది సులువుగానే అర్థమవుతుంది.

పాతకాలం కొట్లో రెండు రకాల పుస్తకాలు ఉండేవి. చిట్టా, ఆవర్జా. రోజంతా జరిగిన ప్రతి బేరమూ జరిగిన వరసలో ముందు చిట్టాలో పడేది. తీరిక దొరికినప్పుడు గుమాస్తా దాన్ని చూసి ఎవరి ఖాతాలో వాళ్లది ఆవర్జాలోకి ఎక్కించేవాడు. ఎక్స్చేంజ్ సర్వర్ చేసేదీ ఇదే. ఎన్నో మెయిల్‌బాక్సులు కలిసి ఒక పెద్ద డేటాబేస్ ఫైలులో ఉంటాయి. అది ఆవర్జా. వచ్చిన ప్రతి ఉత్తరమూ, చెరిపిన ప్రతి ఉత్తరమూ ముందు లాగ్ ఫైళ్లలో రాస్తారు. అవి చిట్టా కాగితాలు. ఒక్కోటి 1 మెగాబైటు, వరస నంబర్లతో ఉంటాయి. కరెంటు పోయి సర్వర్ హఠాత్తుగా ఆగితే ఆవర్జాకి ఇంకా ఎక్కనివి చిట్టాలో మిగిలే ఉంటాయి. మళ్లీ లేచాక సర్వర్ తనే వాటిని ఎక్కించుకుంటుంది.

బ్యాకప్ నుంచి తిరిగి తేవడమంటే, ఆదివారం రాత్రి తీసి పెట్టుకున్న ఆవర్జా ప్రతిని ముందు పెట్టి, ఆ రాత్రి నుంచి ప్రమాదం జరిగిన క్షణం దాకా ఉన్న చిట్టా కాగితాలన్నీ వరసగా దానిలోకి ఎక్కించడం. కాగితాలన్నీ ఉంటే బుధవారం మధ్యాహ్నం వచ్చిన ఉత్తరం కూడా దొరుకుతుంది. నడుమ ఒక్క నంబరు కాగితం పోయిందా, పని అక్కడితో ఆగిపోతుంది. దాని తర్వాతి కాగితాలు చేతిలో ఉన్నా లాభం లేదు. డిస్కులో జాగా మిగులుతుందని పాత లాగ్‌ల మీదే కొత్తవి రాసే అమరిక ఒకటుంది. దాన్ని పెట్టుకున్న ఆఫీసుకు చిట్టా ఉండదు, ఆదివారం నాటి ఆవర్జా ఒక్కటే మిగులుతుంది. సోమ, మంగళ, బుధవారాల ఉత్తరాలకు నీళ్లొదులుకోవాల్సిందే.

అందుకే అనుభవం ఉన్న అడ్మిన్ మొదట డేటాబేస్ స్థితి చూస్తాడు. ఎక్స్చేంజ్‌తో పాటే వచ్చే ఎసీయుటిల్ అనే పనిముట్టు, పుస్తకం సరిగ్గా మూసి ఉందా, ఎక్కించాల్సినవి మిగిలాయా అన్నది చెబుతుంది. మిగిలితే ఏ నంబరు నుంచి ఏ నంబరు లాగ్ దాకా కావాలో కూడా చెబుతుంది. ఇదే పనిముట్టుకి ఇంకో ముఖం ఉంది, రిపేరు. చదవడానికి రాని పేజీలను చింపి పారేసి, మిగతావాటిని కుట్టేస్తుంది. పుస్తకం తెరుచుకుంటుంది కానీ ఏ పేజీలు పోయాయో ఎవరికీ తెలియదు. 'ఏదో ఒకటి చెయ్యి, తొందరగా మెయిలు రావాలి' అని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు, అసలు ఫైలుకి ఒక ప్రతైనా తీసుకోకుండా ఈ రిపేరు మీద చెయ్యి వేయడం ఈ రంగంలో జరిగే పెద్ద నష్టం. రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు ఆ మాట అనగలగాలంటే, తొందరపెట్టే పెద్దమనిషికి కూడా ఈ తేడా తెలిసుండాలి.

తిరిగి తెచ్చిన డేటాబేస్‌ను నేరుగా పని నడుస్తున్న చోట పెట్టనక్కర్లేదు. 'రికవరీ డేటాబేస్' అని పక్కన విడిగా తెరిచి, కావలసిన మనిషి ఉత్తరాలను మాత్రం అక్కడి నుంచి తీసి అతని ఇప్పటి పెట్టెలో కలపవచ్చు. ఒక్కరి ఉత్తరాలు పోయినప్పుడు వందల మంది పని ఆపకుండా ఉండే మార్గం ఇదే. అయితే ఆ విడి ప్రతికి కూడా డిస్కులో చోటు కావాలి. 2 టెరాబైట్ల డేటాబేస్‌ను తెరిచి చూడాలంటే ఇంకో 2 టెరాబైట్లు ఖాళీ ఉండాలి. ఆ చోటు ఉందో లేదో ప్రమాదం రోజున తెలుసుకునే ఆఫీసులే ఎక్కువ.

ఇక పెట్టెలు ఎవరివి అన్న లెక్క వేరే చోట ఉంటుంది. ఉద్యోగుల పేర్లు, పాస్‌వర్డ్‌లు, ఎవరికి ఏ పెట్టె అన్నది యాక్టివ్ డైరెక్టరీ అనే మరో వ్యవస్థలో ఉంటుంది. మెయిల్ డేటాబేస్‌కు మాత్రమే బ్యాకప్ తీసి దీన్ని వదిలేస్తే, ఉత్తరాల గది దొరికినా ఏ పెట్టె ఎవరిదో చెప్పే రిజిస్టరు దొరకదు. దాడి చేసే ముఠాలు ముందు పట్టుకునేది కూడా ఆ రిజిస్టరునే. దాడి తర్వాత పాత సర్వర్‌ను ఉన్నదున్నట్టు బ్యాకప్ నుంచి లేపితే వాళ్లు వచ్చిన కన్నం కూడా దానితో పాటే లేస్తుంది. కొత్త సర్వర్ కట్టి, ప్యాచ్‌లు వేసి, అందులోకి ఉత్తరాలను మాత్రమే జల్లెడ పట్టి తేవాలి. రాక్‌స్పేస్ లాంటి చోట రోజులు వారాలవడానికి ఇది ఒక కారణం. ఆ ముఠా 27 మంది ఖాతాదారుల పిఎస్‌టి ఫైళ్లను ముట్టుకుందని తేల్చడానికి కూడా దర్యాప్తు కావలసి వచ్చింది.

'మాకు ఒకటికి మూడు సర్వర్లున్నాయి, ఒకటి పోతే ఇంకొకటి అందుకుంటుంది' అనేవాళ్లు ఉంటారు. యంత్రం చెడిపోవడానికి అది మంచి మందు. మనిషి పొరపాటుకూ, దొంగ చేతికీ పనిచేయదు. ఒక చోట చెరిపింది క్షణాల్లో మిగతా రెండు చోట్లా చెరిగిపోతుంది. ఒక ప్రతిని కావాలని వెనకబెట్టి నడిపే ఏర్పాటు ఎక్స్చేంజ్‌లో ఉంది, గరిష్ఠంగా 14 రోజులు. ఆ ప్రతి కూడా అదే గదిలో, అదే పాస్‌వర్డ్ కింద ఉంటే ముఠాకి అందుబాటులో ఉన్నట్టే.

గూగుల్‌కీ ఈ అనుభవం ఉంది. 2011 ఫిబ్రవరి 27న కొందరు జీమెయిల్ తెరిస్తే పెట్టె ఖాళీగా కనిపించింది. నిల్వ సాఫ్ట్‌వేర్‌కి చేసిన మార్పులో దొర్లిన లోపం, అన్ని ప్రతులనూ ఒకేలా దెబ్బతీసింది. వాడుకరుల్లో 0.02 శాతం మందికే ఇది జరిగింది, అయినా వేల మంది. వాళ్ల ఉత్తరాలను గూగుల్ వెనక్కి తెచ్చింది టేపుల నుంచి. అంత పెద్ద కంపెనీ పాతకాలం టేపుల మీద కూడా ప్రతి ఉంచుకుంది, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ లోపం అల్మారాలో ఉన్న టేపును ముట్టుకోలేదు. టేపు నుంచి చదవడం నెమ్మది కాబట్టి ఆలస్యమైంది. కానీ వచ్చింది.

మన దేశంలో రాక్‌స్పేస్ కన్నా తొమ్మిది రోజుల ముందు, 2022 నవంబరు 23న, ఢిల్లీ ఎయిమ్స్‌లో సర్వర్లకు తాళం పడింది. 1.3 టెరాబైట్ల డేటాకు ముఠా తాళం వేసిందని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. అంటుకోని బ్యాకప్ సర్వర్ ఒకటి మిగలడంతో ఆసుపత్రి రికార్డులు తిరిగి వచ్చాయి. ఈలోగా రోగుల చీటీలు చేత్తో రాశారు. బ్యాకప్ ఉన్న చోట కూడా మధ్యలో కొన్ని వారాలు కాగితం మీదే గడిచాయి. 12 లక్షల మంది ఉద్యోగుల మెయిలు ఒక వేదిక మీదికి చేరినప్పుడు అడగాల్సింది కూడా ఇలాంటివే. పూర్తిగా తిరిగి తెచ్చే కసరత్తు ఎన్నాళ్లకోసారి చేస్తున్నారు? బ్యాకప్ ప్రతి ఏ ఊళ్లో ఉంది? కంపెనీ స్వదేశీదా విదేశీదా అన్న చర్చ చాలా నడిచింది, ఈ ప్రశ్నలు మాత్రం పెద్దగా వినపడలేదు.

ఇక మన సంఘాల సంగతి. రాష్ట్రేతర తెలుగువాళ్లకు పాత ఉత్తరం ఒక జ్ఞాపకం మాత్రమే కాదు, సాక్ష్యం కూడా. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చాక పదో తరగతిలో మాతృభాష పరీక్ష కోసం మినహాయింపు అడుగుతూ ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకున్నాం. కోలారు వైపు బళ్లలో తెలుగు సెక్షను గురించి, బరంపురంలో, సోలాపూర్‌లో తెలుగు టీచరు పోస్టు గురించి రాసేవీ ఇలాంటి అర్జీలే. రాజ్యాంగం 350బి అధికరణ కింద ఉన్న భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్‌కి రాసినా, కోర్టుకి వెళ్లినా, మొదట అడిగేది 'ఫలానా తేదీన ఎవరికి రాశారు, ఏం జవాబు వచ్చింది' అనే. ఒకప్పుడు ఆ జవాబు ఇనప బీరువాలో ఉండేది. ఇప్పుడు చాలా సంఘాల్లో అది కార్యదర్శి గారి సొంత జీమెయిల్‌లో ఉంటుంది.

ఆ పెట్టెకి ఎవరూ బ్యాకప్ తీయరు. రెండేళ్లు ఎవరూ తెరవని సొంత ఖాతాలను గూగుల్ తీసేయవచ్చన్న నియమం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. కార్యదర్శి కాలం చేస్తే, ఇంట్లోవాళ్లకు పాస్‌వర్డ్ తెలియకపోతే, రెండేళ్లు ఎంతలో గడుస్తాయి? ట్రాష్‌లో వేసిన ఉత్తరం 30 రోజుల్లో పోతుంది. సంఘం పేరుతో డబ్బు కట్టి తీసుకున్న గూగుల్ ఖాతాల్లో, తీసేసిన మనిషి ఖాతాను అడ్మిన్ 20 రోజుల్లోపే వెనక్కి తేగలడు. మైక్రోసాఫ్ట్ 365లో అది 30 రోజులు. కొత్త కార్యవర్గం వచ్చి, ఖర్చు తగ్గుతుందని పాత కార్యదర్శి ఖాతాను తీసేసి, మూడు నెలల తర్వాత కోర్టు కాగితం కోసం వెతికితే దొరకదు. మీ సమాచారానికి మీరే బ్యాకప్ తీసుకోవడం మంచిదని మైక్రోసాఫ్ట్ తన సేవల ఒప్పందంలోనే రాసుకుంది. క్లౌడ్‌లో ఉంది కాబట్టి భద్రమే అనుకునేవాళ్లు ఆ వాక్యం చదివి ఉండరు.

చేసుకోవలసిన పని ఖర్చుతో కూడుకున్నది కాదు. సంఘం పేరుతో ఒక ఖాతా, ఇద్దరు బాధ్యుల చేతిలో దాని తాళాలు. మూడు నెలలకోసారి గూగుల్ టేకౌట్‌తో ఉత్తరాలన్నీ ఎంబాక్స్ ఫైలుగా దించి, రెండు హార్డ్‌డిస్కుల్లో రెండు ఇళ్లలో పెట్టడం. దించడంతో సరిపెట్టుకోకూడదు. ఆ ఫైలును ఖాతాతో సంబంధం లేని వేరే కంప్యూటర్లో థండర్‌బర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రాంలోకి ఎక్కించి, ఐదేళ్ల కిందటి ఒక అర్జీనీ, దాని జతపత్రాన్నీ తెరిచి చూడాలి. సొంత డొమైన్ పేరున్న సంఘాలు దాని వార్షిక రుసుము ఎవరి కార్డు మీద కడుతున్నారో కూడా కనుక్కోవాలి. డొమైన్ గడువు తీరితే కొత్త ఉత్తరాలు రావు, వేరొకరు కొనుక్కుంటే మన పేరు మీద వచ్చేవి వాళ్లకు పోతాయి.

జతపత్రాన్ని తెరిచి చూడమనడానికి మనకు ప్రత్యేకమైన కారణం ఒకటుంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు, వచ్చాక కూడా చాలా ఏళ్లు, మన అర్జీలు, కరపత్రాలు, సావనీర్ వ్యాసాలు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలోనే టైపయ్యాయి. ఆ ఫైలు బ్యాకప్ నుంచి ఒక్క బైటు పోకుండా వెనక్కి వచ్చినా, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అడ్డదిడ్డమైన గుర్తులు తప్ప తెలుగు కనపడదు. ఉత్తరాలతో పాటు ఆ ఫాంట్లను కూడా అదే డిస్కులో పెట్టుకోవాలి, లేదా అవి తెరుచుకునే కంప్యూటర్ ఇంకా పనిచేస్తుండగానే ఒక్కోటిగా పీడీఎఫ్‌లోకి మార్చుకోవాలి. హోసూరులోనో, రాయగడలోనో, యానాంలోనో ఏ డీటీపీ సెంటరులో ఆ పాత కంప్యూటర్ ఇంకా నడుస్తోందో తెలిసినవాళ్లు మాకు రాయండి, పక్క ఊరి సంఘాలకూ చెబుతాం.